మాత్ర ఒకటే, చేరేది ఒళ్లంతటికీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా థైరాయిడ్ గురించే. అందులో ఆశ్చర్యం లేదు. హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో పెద్దవారిని పరీక్షించి 2013లో ప్రచురించిన ఒక సర్వేలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం ఉన్నట్టు తేలింది. మెడలో గ్రంథి ఉంటుందని ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ గ్రంథి పంపిన హార్మోన్ ఎక్కడికి వెళ్లి ఏం చేస్తుందన్నది మాత్రం చాలామందికి ఎవరూ చెప్పలేదని ఉత్తరాలు చదువుతుంటే తెలుస్తూనే ఉంది. అందుకే మొదటి ఉత్తరానికి కాస్త వివరంగా జవాబిస్తున్నాను. మిగిలినవారు కూడా దాన్ని చదివి ముందుకు వెళ్లమని మనవి.

ప్రశ్న: నా వయసు 42. కొన్నేళ్లుగా థైరాయిడ్ మాత్ర 75 మైక్రోగ్రాములది వాడుతున్నాను. మొన్నటి పరీక్షలో టీఎస్‌హెచ్ 2.4 వచ్చింది. డాక్టరు గారు "అంతా నార్మల్, ఇదే కొనసాగించండి" అన్నారు. కానీ దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడివస్తోంది. మలబద్ధకం, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, మధ్యాహ్నానికే నీరసం. మా ఆడపడుచు ఎక్కడో చదివి, "నీ ఒంట్లో రిసెప్టర్లు పనిచేయడం లేదు, వందది వేసుకో" అంటోంది. మోతాదు పెంచుకోవచ్చా? జుట్టు కోసం బయోటిన్ మాత్రలు కూడా వేసుకుంటున్నాను. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. మీ అంతట మీరు పెంచుకోవద్దు. అలాగని మీ బాధలు మీ మనసు కల్పించినవని నేను అనను. రిపోర్టు బాగున్నంత మాత్రాన ఊడిన జుట్టు అబద్ధం కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే హార్మోన్ వెళ్లే దారి కొంచెం తెలియాలి.

మీరు వేసుకునే మాత్రలో ఉన్నది థైరాక్సిన్. దాన్నే టీ4 అంటారు. అది నేరుగా చేసే పని చాలా తక్కువ. రక్తంలో తిరుగుతూ అవయవాలకు చేరాక, అక్కడ ఒక అయోడిన్ పరమాణువును వదులుకుని టీ3గా మారుతుంది. అసలు పని చేసేది టీ3. ఏ జబ్బూ లేనివారిలో కూడా రోజువారీ టీ3లో సుమారు అయిదో వంతే థైరాయిడ్ నుంచి నేరుగా వస్తుంది. మిగతాదంతా కాలేయం, మూత్రపిండాలు, కండరాలు వంటి చోట్ల తయారవుతుంది. ఆ టీ3 కణం లోపలికి వెళ్లి, కేంద్రకంలో డీఎన్‌ఏను పట్టుకుని ఉన్న గ్రాహకానికి అతుక్కుంటుంది. మీ ఆడపడుచు చెప్పిన రిసెప్టర్ అదే. టీ3 అతుక్కోగానే కొన్ని జన్యువులు పని మొదలుపెడతాయి, కొన్ని పని ఆపుతాయి. ఇలాంటి గ్రాహకాలు గుండె, ఎముక, పేగు, మెదడు, చర్మం, వెంట్రుకల కుదుళ్లు, చివరికి కంటి రెటీనాలో కూడా ఉన్నాయి.

దీన్ని కంటితో చూడవచ్చు. థైరాయిడ్ లోపం ఉందేమోనని వచ్చినవారిని నేను కుర్చీ మీద మోకాళ్లు ఆనించి నిలబడమంటాను, పాదాలు కుర్చీ అంచు దాటి వేలాడేలా. మడమ వెనక తాడులా చేతికి తగిలే కండరబంధాన్ని చిన్న రబ్బరు సుత్తితో తడతాను. పాదం టక్కున వెనక్కి తన్నుతుంది. అది దాదాపు అందరిలోనూ జరిగేదే. నేను చూసేది ఆ తర్వాతి క్షణాన్ని. హార్మోన్ చాలినంత ఉన్నవారిలో పాదం వెంటనే యథాస్థానానికి వచ్చేస్తుంది. రావడం కంటికి ఆనదు. లోపం బాగా ముదిరినవారిలో పాదం ఒక్క లిప్తకాలం అక్కడే ఆగి, నింపాదిగా దిగుతుంది. వెంట వచ్చిన వాళ్లను కూడా దగ్గరకు పిలిచి చూపిస్తాను. ఒకసారి చూపిస్తే వాళ్లకూ తేడా తెలిసిపోతుంది.

అలా ఎందుకవుతుంది? కండరం ముడుచుకోవడానికి కణంలో కాల్షియం విడుదల కావాలి. తిరిగి వదులు కావాలంటే ఆ కాల్షియాన్ని దాని అరలోకి తోడెయ్యాలి. తోడే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు టీ3 గ్రాహకం అదుపులో ఉంటుంది. టీ3 తగ్గితే ఆ ప్రొటీన్ తగ్గుతుంది, కండరం ఆలస్యంగా వదులవుతుంది. గుండె కండరంలోనూ ఇదే ఏర్పాటు ఉంది. లోపం ఉన్నప్పుడు గుండె కూడా ఒక్కో స్పందన తర్వాత నెమ్మదిగా సడలుతుంది. లోపం ఉన్నవారికి పిక్కలు పట్టేయడం, మెట్లెక్కడానికి తొడలు సహకరించకపోవడం కూడా కండరాల్లో జరిగే ఇలాంటి మార్పుల వల్లే.

ఇక మీ టీఎస్‌హెచ్ సంగతి. అది థైరాయిడ్‌ను పనిచేయమని పురమాయించే మరో హార్మోన్. దాన్ని తయారుచేసేది మెదడు కింద ఉండే పీయూష గ్రంథి. తన గ్రాహకాలకు టీ3 చాలితే టీఎస్‌హెచ్ తగ్గిస్తుంది, చాలకపోతే పెంచుతుంది. టీ4ను టీ3గా మార్చుకోవడంలో పీయూష గ్రంథికి మంచి సామర్థ్యం ఉంది. అన్ని అవయవాలకూ అంత ఉంటుందన్న హామీ లేదు. 1990లలో స్పెయిన్ శాస్త్రవేత్తలు థైరాయిడ్ తీసేసిన ఎలుకలకు టీ4 ఒక్కటే ఇచ్చి చూశారు. రక్తంలో టీఎస్‌హెచ్ సరైన స్థాయికి వచ్చినా కొన్ని కణజాలాల్లో టీ3 వెనకబడే ఉంది. మనుషుల్లో కూడా మాత్రతో టీఎస్‌హెచ్ సరిపడ్డ వందమందిలో అయిదు నుంచి పదిమంది ఇంకా ఒంట్లో బాగా లేదనే చెబుతారు. వాళ్ల మాట కొట్టిపారేసే హక్కు మా వైద్యులకు లేదు. ఆ మాట వినడం చికిత్సలో భాగమే.

మరి మోతాదు ఎందుకు పెంచకూడదు? మాత్ర ఏ అవయవానికి చేరాలో మనం నిర్ణయించలేం కాబట్టి. వాన మన పెరట్లోని బెండ మొక్క మీదే పడాలంటే కుదరదు. జుట్టు కోసం 75ను 100 చేస్తే, ఆ అదనపు 25 గుండెకూ ఎముకలకూ కూడా చేరుతుంది. వాటికి అది అవసరం లేదు. కుదుళ్లకు మేలు జరుగుతుందో లేదో తెలియదు కానీ గుండెకు హాని జరిగే అవకాశం మాత్రం ఉంది. పైగా జుట్టు ఊడటానికి హార్మోన్ ఎక్కువైనా కారణమే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది చివరి వాక్యం. బయోటిన్! రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా కనబడతాయి. మీ 2.4 నిజంగా 2.4 కాకపోవచ్చు. అసలు అంకె ఇంకా ఎక్కువగా ఉండి, మీ బాధలకు అదే కారణమై ఉండవచ్చు. కాబట్టి బయోటిన్ ఆపి, కనీసం రెండు రోజులు, ఎక్కువ మోతాదులో వాడుతుంటే ఇంకా కొన్ని రోజులు ఆగి, మళ్లీ పరీక్ష చేయించండి. ఆపిన సంగతి ల్యాబ్‌లోనూ డాక్టరు గారికీ చెప్పండి. దానితోపాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పేది), బి12, విటమిన్ డి కూడా చూపించండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే దాచకుండా చెప్పండి. మన ఆడవాళ్లలో 40 దాటాక జుట్టు ఊడటానికి, నీరసానికి ఐరన్ లోపం చాలా తరచుగా కనిపించే కారణం. థైరాయిడ్ ఉందని తెలిసిన మనిషికి ఏ బాధ వచ్చినా థైరాయిడ్ మీదికే తోసెయ్యడం నాకు బొత్తిగా నచ్చదు.

మాత్ర వేసుకునే పద్ధతి కూడా సరిచూసుకోండి. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీకి, టిఫిన్‌కు కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున్నే డికాషన్ దిగేలోపు మాత్ర వేసుకుని వెంటనే కాఫీ తాగేవారు చాలామంది ఉన్నారు. వాళ్ల మాత్రలో కొంత భాగం రక్తంలోకే రాదు.

ఇవన్నీ సరిచేసుకున్నా బాధలు పోకపోతే, అప్పుడు టీ3 మాత్రను కొద్దిగా కలిపి చూడవచ్చా అని హార్మోన్ల నిపుణులను అడగండి. టీ4, టీ3 కలిపి ఇచ్చి చేసిన పరీక్షల్లో మొత్తం మీద టీ4 కంటే స్పష్టమైన మేలు కనిపించలేదు. కానీ కొద్దిమంది విషయంలో, జాగ్రత్తగా కొన్ని నెలలు ప్రయత్నించి చూడటం తప్పు కాదని నా అభిప్రాయం. అది డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి.

ప్రశ్న: నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. థైరాయిడ్ హార్మోన్ గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలని పాఠంలో ఒక్క వాక్యం ఉంది. ఒకే హార్మోన్‌కు రెండెందుకు? గ్రాహకమే చెడిపోతే ఏమవుతుంది? – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఆ ఒక్క వాక్యం వెనక నూరేళ్లకు పైబడిన కథ ఉంది. ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం.

1912లో గుడెర్‌నాట్ష్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు గుర్రపు థైరాయిడ్ తినిపించాడు. అవి పెరగవలసినంత పెరగకుండానే కప్పలుగా మారడం మొదలుపెట్టాయి. తోక కరిగిపోయింది, కాళ్లు మొలిచాయి. తోకలో కణాలు చచ్చిపోయాయి, కాళ్లలో కణాలు పుట్టుకొచ్చాయి. హార్మోన్ ఒక్కటే, ఫలితాలు రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. అంటే తేడా హార్మోన్‌ను అందుకునే కణజాలంలో ఉందన్నమాట. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరు చేశాడు. 1952లో లండన్‌లో జాక్ గ్రాస్, రోసలిండ్ పిట్-రివర్స్ కలిసి టీ3ని గుర్తించారు. 1972 నాటికి జాక్ ఒపెన్‌హైమర్ బృందం టీ3 కణ కేంద్రకంలోనే అతుక్కుంటుందని చూపింది. అతుక్కునే ఆ ప్రొటీన్ ఏమిటన్నది 1986లో తేలింది. అమెరికాలో రొనాల్డ్ ఎవాన్స్ బృందం, ఐరోపాలో బియోర్న్ వెన్‌స్ట్రోమ్ బృందం వేర్వేరుగా ఒకే జవాబు చెప్పాయి. కోళ్లలో రక్త కేన్సర్ కలిగించే ఒక వైరస్‌లో అంతకుముందే ఒక జన్యువు దొరికింది. దానికి మాతృక మన కణాల్లో మామూలుగానే ఉంది. ఆ మాతృకే థైరాయిడ్ హార్మోన్ గ్రాహకం!

మనిషిలో ఆల్ఫా గ్రాహకపు జన్యువు 17వ క్రోమోజోము మీద, బీటాది 3వ క్రోమోజోము మీద ఉన్నాయి. గుండె, ఎముక, పేగు, అస్థి కండరాల్లో ఆల్ఫా ఎక్కువ. మెదడులో చాలా భాగంలో కూడా ఆల్ఫాదే పైచేయి. కాలేయంలో బీటా ఎక్కువ. బీటాలోనే రెండో రూపం పీయూష గ్రంథిలో, దానికి పైన మెదడులో ఉండే హైపోథాలమస్‌లో, రెటీనాలో, లోపలి చెవిలో కనిపిస్తుంది. 2001లో ఆ రెండో రూపం లేని ఎలుకలను పరిశీలిస్తే, పచ్చ కాంతిని గుర్తించే శంకు కణాలు వాటి కళ్లలో ఏర్పడలేదని తేలింది. రంగులు చూడటానికి కూడా థైరాయిడ్ హార్మోన్ కావాలని నేను చదువుకునే రోజుల్లో ఎవరూ చెప్పలేదు!

మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఈ గ్రాహకం హార్మోన్ వచ్చేదాకా ఊరికే ఉండదు. హార్మోన్ లేనప్పుడు కూడా డీఎన్‌ఏను పట్టుకుని, తన కింది జన్యువులను అణచి ఉంచుతుంది. టీ3 వచ్చాక ఆ అణచివేత తొలగుతుంది. అందుకే గ్రాహకాలు లేకుండా పుట్టిన ఎలుకల కంటే హార్మోన్ లేకుండా పుట్టిన ఎలుకల పరిస్థితి అధ్వానంగా ఉంటుంది. హార్మోన్ లేని గ్రాహకం చేసే కీడు, గ్రాహకమే లేకపోవడం కంటే ఎక్కువ.

ఇక గ్రాహకం చెడిపోవడం. 1967లో శామ్యూల్ రెఫెటాఫ్, సహచరులు ఒక కుటుంబంలోని పిల్లల గురించి రాశారు. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ విపరీతంగా ఉంది, గొంతు దగ్గర వాపు ఉంది, కానీ హార్మోన్ ఎక్కువైన లక్షణాలు లేవు. ఆ పిల్లలకు చెవుడు. చాలా ఏళ్ల తర్వాత చూస్తే వాళ్లలో బీటా జన్యువే లేదు. జన్యువు పూర్తిగా పోవడం మరీ అరుదు. అందులో చిన్న మార్పు రావడం దానికంటే ఎక్కువ, సుమారు 40,000 జననాలకు ఒకటి. అలాంటివారిలో పీయూష గ్రంథికి హార్మోన్ ఉన్నట్టు సరిగా తెలియదు. అది టీఎస్‌హెచ్ పంపుతూనే ఉంటుంది, రక్తంలో టీ3, టీ4 పెరుగుతాయి. గుండెలో ఉన్నది ఆల్ఫా, అది చెడలేదు కాబట్టి గుండె దడదడలాడుతుంది. ఒకే మనిషిలో ఒక అవయవానికి హార్మోన్ చాలక, మరొకదానికి ఎక్కువై! దీన్ని మామూలు హైపర్ థైరాయిడ్ అనుకుని గ్రంథిని తీసేస్తే ఆ మనిషి జీవితాంతం ఇబ్బంది పడతాడు.

ఆల్ఫా లోపం ఇంకా ఆలస్యంగా బయటపడింది. 2012లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఆరేళ్ల పాప గురించి రాశారు. ఎదుగుదల లేదు, తీవ్రమైన మలబద్ధకం, ఎముకలు ముదరలేదు, టీఎస్‌హెచ్ మాత్రం మామూలుగా ఉంది. పీయూష గ్రంథిలో పనిచేసేది బీటా, అది బాగానే ఉంది. ఎముకలో, పేగులో పనిచేసే ఆల్ఫా దెబ్బతిన్నది. టీఎస్‌హెచ్ ఒక్కటే చూసేవాళ్లకు ఆ పాప జబ్బు ఎప్పటికీ దొరికేది కాదు. తెనాలి పాఠకురాలికి కూడా ఒక మాట: ఇవి పుట్టుకతో వచ్చేవి. నడివయసులో మాత్ర వాడుతుండగా "రిసెప్టర్లు పనిచేయడం మానేయడం" ఈ జబ్బు కాదు.

చివరగా, టీఎస్‌హెచ్ గ్రాహకం వేరు, ఈ గ్రాహకం వేరు. థైరాయిడ్ హార్మోన్ అతిగా తయారయ్యే గ్రేవ్స్ వ్యాధిలో కనుగుడ్లు ముందుకు పొడుచుకురావడం కంటి వెనక కణజాలంలో ఉన్న టీఎస్‌హెచ్ గ్రాహకం వల్ల. ఈ రెండింటినీ కలిపి రాస్తే మార్కులు పోతాయి.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. థైరాయిడ్‌కు 50 మాత్ర వాడేవాడిని. బరువు తగ్గుతుందని ఎవరో చెబితే నేనే 100కు, తర్వాత 150కి పెంచాను. ఆరు కిలోలు తగ్గాను. కానీ కొంతకాలంగా గుండె గబగబ కొట్టుకుంటోంది, లయ తప్పినట్టు అనిపిస్తోంది. టీఎస్‌హెచ్ 0.05. మాత్ర ఆపేయాలా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అయ్యా, ఈ పత్రిక మీ చేతికి వచ్చిన రోజే డాక్టరు గారిని కలవండి, ఈసీజీ తీయించుకోండి. మీ ఉత్తరం అందగానే ఇదే మాట మీ చిరునామాకు విడిగా రాశాను. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం, మాట తడబడటం, చెయ్యో కాలో బలహీనపడటం ఏదైనా ఉంటే ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

మీ గుండెలోని ఆల్ఫా గ్రాహకాలు ఇప్పుడు అవసరానికి మించిన టీ3తో నిండి ఉన్నాయి. గుండె వేగాన్ని నిర్ణయించే జన్యువులు, అడ్రినలిన్‌కు స్పందించే ప్రొటీన్ల జన్యువులు వాటి అదుపులోనే ఉంటాయి. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణవాసులను పదేళ్లు గమనించి 1994లో ప్రచురించిన పరిశోధనలో, 60 ఏళ్లు దాటి టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకంటే తక్కువగా ఉన్నవారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చే ముప్పు మిగతావారి కంటే దాదాపు మూడు రెట్లుగా తేలింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే గుండె పై గదుల లయ పూర్తిగా తప్పడం. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాత్ర ఎంతకు తగ్గించాలో, కొన్నాళ్లు ఆపాలో డాక్టరు గారే చెప్పాలి. మీకు నిజంగానే లోపం ఉంది కాబట్టి పూర్తిగా మానేస్తే మళ్లీ అటు ప్రమాదం. టీ4 సగం కరగడానికే వారం పడుతుంది. మోతాదు తగ్గించిన మర్నాడే దడ తగ్గలేదని కంగారుపడవద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. తగ్గిన ఆరు కిలోల్లో కండ కూడా ఉంది, ఎముకల్లోని ఖనిజమూ పోతూ ఉంటుంది. థైరాయిడ్ మాత్ర బరువు తగ్గించే మందు కాదు. ఈ మాట మీ నడక స్నేహితులకు కూడా చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఇప్పుడు తొమ్మిదో వారం గర్భం. ముందు నుంచీ థైరాయిడ్ మాత్ర వాడుతోంది. అక్కడి డాక్టరు మోతాదు పెంచారట. అంత మందు కడుపులో బిడ్డకు హాని కాదా? మాననివ్వమంటారా? – ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: దయచేసి మాననివ్వకండి. పెంచడం సరైన పనే. గర్భం వచ్చాక చాలామందికి మోతాదు పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెంచవలసి వస్తుంది.

బిడ్డ మెదడులో థైరాయిడ్ హార్మోన్ గ్రాహకాలు పదో వారానికే కనిపిస్తాయి. కానీ బిడ్డ సొంత థైరాయిడ్ చాలినంత హార్మోన్ తయారుచేయడం 18, 20 వారాల దాకా జరగదు. అప్పటివరకు ఆ మెదడుకు అమ్మ హార్మోనే ఆధారం. నాడీకణాలు పుట్టి, ఎక్కడికి చేరాలో అక్కడికి చేరే కాలం అది. మీ భయానికి జవాబు మాయలో (ప్లాసెంటాలో) ఉంది. తల్లి నుంచి ఎక్కువ హార్మోన్ వస్తే దాన్ని నిర్వీర్యం చేసే ఎంజైము మాయలో పుష్కలంగా ఉంటుంది. బిడ్డకు కావలసినంతే చేరేలా ప్రకృతి ఏర్పాటు చేసింది. ఐరన్, కాల్షియం మాత్రలు కూడా ఇస్తారు కాబట్టి నాలుగు గంటల ఎడం మాత్రం అమ్మాయికి గుర్తుచేయండి. ఇరవై వారాల దాకా సుమారు నెలకోసారి టీఎస్‌హెచ్ చూస్తారు.

మన దేశంలో ఈ విషయానికి బాట వేసినవారిలో మన తెలుగువారు ఒకరున్నారని చెప్పకుండా ఉండలేను. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. హిమాలయాల అంచున కాంగ్రా లోయలో అయోడిన్ చాలక ఇంటింటా గొంతు వాపు (గాయిటర్), మందబుద్ధితో పుట్టే పిల్లలు ఉండేవారు. 1956 నుంచి ఆయన, సహచరులు అక్కడ కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు పంచి చూశారు. కొన్నేళ్లలో అయోడిన్ ఉప్పు తిన్న చోట వాపు బాగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇవాళ మన వంటింట్లో ఉన్న ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ గురించి రాసి ఉండటానికి ఆ కృషి మూలం.

బిడ్డ పుట్టాక మడమ నుంచి రక్తపు చుక్క తీసి థైరాయిడ్ పరీక్ష చేస్తారు. అమెరికాలో అది అందరికీ తప్పనిసరిగా జరుగుతుంది. మన దగ్గర అన్ని ఆసుపత్రుల్లోనూ జరగడం లేదు. ఇక్కడ ప్రసవించబోయే ప్రతి కుటుంబమూ దాన్ని అడిగి చేయించాలి. పుట్టుకతో లోపం ఉన్న బిడ్డకు మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలా చదువుకుంటుంది. మూడు నెలలు ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి తేలేం. పరీక్షకు కావలసింది కొన్ని రక్తపు చుక్కలే. అది ప్రతి జిల్లా ఆసుపత్రిలో, ప్రతి ప్రసూతి కేంద్రంలో జరగాలని నేను ఎన్నిసార్లయినా రాస్తూనే ఉంటాను.

ప్రశ్న: నాకు ఫ్యాటీ లివర్ ఉందని స్కాన్‌లో తేలింది. థైరాయిడ్ హార్మోన్ లాంటి కొత్త మందు లివర్‌కు వచ్చిందని విన్నాను. థైరాయిడ్ మాత్ర వేసుకున్నా అదే ఫలితం వస్తుందా? – ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: రాదు. మీరు విన్న మందు రెస్మెటిరోమ్. 2024 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. అది కూడా మామూలు ఫ్యాటీ లివర్‌కు కాదు. కొవ్వుతోపాటు వాపు, మచ్చలు ఒక మోస్తరు నుంచి తీవ్రంగా ఉండి, ఇంకా సిరోసిస్‌కు (కాలేయం మచ్చలతో గట్టిపడిపోయే దశకు) చేరనివారికి, ఆహార నియమం, వ్యాయామంతో కలిపి ఇస్తారు.

దాని గొప్పతనం అది అతుక్కునే చోటులో ఉంది. కాలేయంలోకి ఎక్కువగా చేరి, బీటా గ్రాహకానికి బాగా అతుక్కుంటుంది, గుండెలోని ఆల్ఫా జోలికి పెద్దగా పోదు. కాలేయంలో బీటా గ్రాహకం పనిచేస్తే కొవ్వు కరుగుతుంది, చెడు కొలెస్ట్రాల్ కూడా తగ్గుతుంది. థైరాయిడ్ లోపం ఉన్నవారిలో కొలెస్ట్రాల్ పెరగడానికి, మాత్ర మొదలుపెట్టాక తగ్గడానికి కారణం ఇదే గ్రాహకం.

ఈ తేడా తెలియని రోజుల్లో జరిగింది కూడా చెప్పాలి. కొలెస్ట్రాల్ తగ్గించడానికి థైరాక్సిన్‌కే అద్దంలో ప్రతిబింబం వంటి రూపమైన డెక్స్‌ట్రో థైరాక్సిన్‌ను గుండెపోటు వచ్చినవారికి ఇచ్చి అమెరికాలో పెద్ద ప్రయోగం చేశారు. కొలెస్ట్రాల్ తగ్గింది, మరణాలు మాత్రం ఎక్కువయ్యాయి. ఆ మందును ప్రయోగం మధ్యలోనే తీసేశారు. కాలేయానికి చేసిన మేలు గుండెకు కీడైంది. కాలేయం కోసం థైరాయిడ్ మాత్ర వేసుకుంటే జరిగేది అదే. మీ ఉత్తరంలో బరువు 88 కిలోలని రాశారు. దానిలో ఏడెనిమిది కిలోలు తగ్గించుకోగలిగితే కాలేయంలోని కొవ్వు ఏ మందూ లేకుండానే చాలావరకు తగ్గుతుంది. ముందు అది చేయండి.

ప్రశ్న: థైరాయిడ్ ఉన్నవాళ్లు క్యాబేజీ, కాలీఫ్లవర్, సోయా అసలు తినకూడదా? – ఒక గృహిణి, అనంతపురం

జవాబు: క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని మామూలుగా తినవచ్చు. వాటిలోని పదార్థాలు గ్రంథి అయోడిన్‌ను తీసుకోవడానికి అడ్డుపడతాయి. అయితే అది పచ్చివి పెద్ద మొత్తంలో, అయోడిన్ చాలని మనిషి తిన్నప్పటి మాట. హార్మోన్‌ను మాత్ర రూపంలో తీసుకునేవారికి ఆ బెడద ఇంకా తక్కువ. సోయా మాత్రం మాత్ర రక్తంలోకి రావడాన్ని తగ్గిస్తుంది. పొద్దున మాత్ర వేసుకుని, సోయా మధ్యాహ్నం భోజనంలో తినండి.